మోకాలి వాపు తగ్గిన సంగతి

నరసాపురం

అన్నయ్యగారికి చెల్లెలి వందనాలు.

మీ బావగారిని రాజమండ్రి తీసుకొచ్చినప్పుడు మీ ఆసుపత్రి డాక్టరు దొరగారు చెప్పింది నేను మరిచిపోలేదు. మోకాలిచిప్ప మీద నీరు చేరిందనీ, రెండు నెలలు మోకాలు నేలకు ఆనించకపోతే అదే తగ్గిపోతుందనీ అన్నారు. కానీ ఈయన మా క్రైస్తవ సంఘానికి ఉపదేశి, ప్రార్థనలు నడిపించాల్సిన మనిషి. బల్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తుంటే సంఘ పెద్ద ముసలయ్యగారు "కూర్చుని అడిగితే దేవుడు ఇస్తాడాండీ?" అన్నారు. ఇక ఆ మోకాలు బాగుపడాలనే రోజూ సాయంత్రం అందరూ మోకరించారు. అందరికంటే ముందు ఈయనే.

మొన్న ఆదివారం ప్రార్థన మధ్యలో వాపు పగిలి, నీరూ చీమూ కారిపోయాయి. మోకాలు చదునైందని సంఘమంతా స్తోత్రం చెప్పి, వచ్చే ఆదివారం కృతజ్ఞత కూటం పెట్టారు.

నాకే భయంగా ఉంది. ఈయన ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. మోకాలి దగ్గర మొదలైన ఎర్రటి చార తొడ మీదుగా గజ్జల దాకా పాకింది. నిన్నటిదాకా మూలిగిన మనిషి ఇవాళ "నొప్పేం లేదే" అని నవ్వుతున్నారు. నన్ను చనిపోయిన మా అత్తగారనుకుని "అమ్మా" అంటున్నారు. ఆసుపత్రి మాటెత్తితే అవిశ్వాసమని పెద్దలు కోప్పడుతున్నారు.

ఇది అందగానే దొరగారిని బతిమాలి పడవ ఎక్కించండి. ఎవరడిగినా కూటంలో వాక్యం చెప్పడానికి వచ్చారనండి. దొరగారి కత్తుల సంచీ దుప్పట్లో చుట్టి తీసుకురండి.

రంపం కూడా.

మీ చెల్లెలు