పసుపు పొయ్యి ముందు కుర్చీ

వేల్పూర్,
ఫాల్గుణ మాసం, 1972

మన కొడుకు లింబాద్రి బాపు గారికి మీ భార్య నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తమ్మ, పిల్లలు, ఎడ్లు అంతా కులాసా. కుడి తుంటి ఒక్కటి తప్ప నేనూ కులాసానే. చెరుకు ఆడే కాలం అయ్యేదాకా ఫ్యాక్టరీ విడిచి రాలేనన్నారు కాబట్టి, బోధన్‌లో వేళకు తింటున్నారని తలుస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. ఎర్ర ఎద్దు కుంటడం మానేసింది, దాని వంతు కూడా నేనే కుంటుతున్నాను. పసుపు సగం ఉడికింది, ఎండలు బాగున్నాయి. "రాధాబాయి ఒక్కతే అవస్థ పడుతోందా" అని అడిగారు. కింద మళ్లీ "రాధకు సాయంగా మనిషిని పెట్టు" అని రాశారు. తమ్ముడి భార్య మీద మీకున్న దయకు సంతోషం. నా కాలు సంగతి మాత్రం చివర్న సంతకం పక్కన ఇరికించారు.

ఆమె అవస్థ పడటం లేదు, రాజ్యం ఏలుతోంది. ధర్మాబాద్ నుంచి కాపురానికి వచ్చినప్పుడు తెలుగు సరిగా రాక నా కొంగు పట్టుకుని తిరిగింది. ఏకై వచ్చి మేకై కూర్చుంది. నేను కన్న పిల్లలే పొద్దున లేస్తే "చిన్నమ్మా" అంటూ ఆమె వెంట పడతారు. ఆమె చేసిన జొన్నరొట్టె మెత్తగా ఉంటుందట, అత్తమ్మ మాట. ఇన్నేళ్లు నా రొట్టెలు నమిలిన పళ్లకు ఇప్పుడు మెత్తదనం కావలసి వచ్చింది.

ఇక పొయ్యి రోజు సంగతి వినండి. మన ఇంట్లో పసుపు ఉడకబెట్టే మొదటి రోజు పెద్దకోడలే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట వేయాలి కదా. ఈసారీ కూర్చున్నాను. మంట అంటుకుంది. లేవబోతే తుంటిలో గొడ్డలి దిగినట్టయింది. కూలీలందరి ముందు నేల మీద చేతులు ఆనించి అలాగే ఉండిపోయాను. రాధాబాయి పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది.

"అక్కా, వచ్చే ఏడు నువ్వు కూసోకు. నీ బదులు నేను కూసుంట తియ్" అన్నది.

కూలికి వచ్చిన ముత్తవ్వ వెంటనే అందుకుంది. "గట్లనే చెయ్యి బిడ్డా. సిన్నామెకు నడుము గట్టిగున్నది."

రాధాబాయి ప్రేమగానే అన్నది. అందుకే నాకు మరీ ఒళ్లు మండింది.

ఆపరేషన్ గురించి ఏం అనుకున్నావని అడిగారు. హైదరాబాద్ డాక్టరు చెప్పింది మీరూ విన్నారు. అరిగిన కీలు కోసి సరిచేస్తే నొప్పి చాలావరకు పోతుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నాడు. ఆ తర్వాత నేల మీద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవడం అసలే వద్దన్నాడు. ఆలోచించి చెబుతానని మీతో అన్నాను. అది అబద్ధం. అప్పుడే వద్దనుకున్నాను. కత్తికి భయపడి కాదు. నొప్పి ఉంటే ఏడుస్తూనైనా పొయ్యి ముందు కూర్చోవచ్చు, నొప్పి పోతే ఆ చోటు ఆమెది అయిపోతుంది. నేను దవాఖానలో పడుకుంటే అటక మీది డబ్బాల దాకా అన్నీ ఆమె చేతికి వస్తాయి. ఆమెను చూస్తే నాకు కుళ్లు. ఇదిగో, రాసేశాను. నవ్వుకోండి.

మొన్న ఎవరూ లేనప్పుడు పొయ్యి ముందు మళ్లీ కూర్చోబోయాను. ఈసారి లేవడం సంగతి దేవుడెరుగు, కూర్చోవడమే చేతకాలేదు. నేను కాపాడుకుంటున్న చోటు ఎప్పుడో పోయింది. అక్కడే నిలబడి ఏడ్చాను. అప్పుడే వచ్చిన అత్తమ్మ చూసింది. కుర్చీలో కూర్చుని మంట వేస్తే తప్పా అని అడిగాను.

"పొయ్యికి పెద్దకోడలు గావాలె. నువ్వు కింద కూసున్నవా, కుర్సీల కూసున్నవా, అగ్గికేమెరుక?" అన్నది.

కాబట్టి ఆపరేషన్ చేయించుకుంటాను. వచ్చే ఏడు కుర్చీలోంచే పొడుగాటి కట్టెతో మంట వేస్తాను. ఒక్క షరతు. దవాఖానలో నాకు తోడుగా మీ అక్క వద్దు, రాధాబాయే రావాలి. నేను అక్కడ మంచం మీద ఉంటే ఆమె ఇక్కడ ఇంటి మీద ఉండటానికి వీల్లేదు.

ఇంకొక మాట. ఆ రోజు ఆమె లేపినప్పుడు నాకు నొప్పి తెలియలేదు. ఇది మాత్రం ఆమెకు చెప్పకండి.

ఇట్లు,
మీ ఇంటి పెద్దకోడలు
వసంతమ్మ