బిగువు మడత, వదులు మడత

జమునక్కకు నీ చెల్లె అనురాధ దండాలు. నా రాత వంకర, తప్పులుంటాయి, ఏమనుకోకు. ఫోన్‌లో చెబుదామంటే మాది ఒకటే గది, అందరూ వింటారు. మేము బాగున్నాం.

ఇక్కడ ఆల్థాన్ పేటలో నేను వంటకు వెళ్ళే ఇంటి అమ్మాయి అమూల్య రాళ్ళ చదువు చదువుతోంది. భూమి లోపల వేడికి, ఒత్తిడికి రాయి కూడా చీరలా మడత పడుతుందట. ఫొటోలు చూపించి, కొలవకుండా కంటితోనే బిగువు మడతో వదులు మడతో చెప్పమంది. తనూ నేనూ విడిగా చూసి ఒకే మాట అంటేనే అది లెక్కలోకి వస్తుందట. ఇదివరకు నేను చీరలు మడతపెట్టే పనిలో ఉన్నప్పుడు మడత వదులైతే సేఠ్ తిట్టేవాడు. ఆ భయంతో అన్నిటికీ బిగువే అన్నాను.

"అక్కా, రాయికి మార్కులేస్తున్నావా?" అని నవ్వింది.

"మరి వదులంటే దాని పేరు ఖరాబ్ గాదా?" అన్నాను.

మళ్ళీ మొదటి నుంచి చూశాం. తెలియకపోతే తెలియదనే చెప్పాలట, దాన్నీ లెక్కిస్తారట.

మన బావి కాడ బట్టలుతికే బండకు నల్ల, తెల్ల చారలున్నాయి కదా. నీళ్ళు పోసి చూసి, మడత ఎట్లుందో రాయి. నాకు నచ్చాలని రాయకు. మీ బాబుకు దగ్గు తగ్గిందా?

వచ్చే నెల అమూల్య ఆ మడత రాళ్ళున్న లూణావాడా కొండలకు వెళ్తూ నన్నూ రమ్మంది. నాకు ఆ మడతలు చేత్తో తాకి చూడాలనుంది. ఈయన "అమ్మ ఒప్పుకుంటే పో, నాకేంది" అన్నాడు. అక్కడ ఊళ్ళో ఉన్న మా అత్తమ్మకు నీ మాటంటే గురి, జర మంచిగా అడుగు. నేను అడగమన్నానని తెలిస్తే పంపదు. పిల్లలకు ముద్దులు. అత్తమ్మ మీ వాకిట్లోకి రాకముందే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు.