నాయన మోకాలికి నా కంప్యూటరు వైద్యం

సెప్టెంబర్ 8, సోమవారం

ఉదయం 11.20. వచ్చేసింది! జెరాక్సు పని ఆపేసి నా షాపులోనే పార్సిలు విప్పాను. ఎవరిదో ఆధార్ కార్డు గాజు మీదే ఉండిపోయింది.

అరచేతిలో పట్టే పచ్చటి అట్టముక్క. ఇదే కంప్యూటరట. ఇందులో విండోస్ బదులు లినక్స్ నడుస్తుందట. పెట్టె లేదు, ఫ్యాను లేదు, మూత లేదు. పేగులన్నీ బయటికే కనిపిస్తున్నాయి. దీనితో కొందరు రోబోలను నడిపిస్తున్నారని వీడియోలో చూశాను. నాకు రోబో వద్దు. కాలువ చాలు.

మధ్యాహ్నం 2.00. ఇంట్లో చూపించాను. నా భార్య ఆశ అటూ ఇటూ తిప్పి చూసింది.

"మిగిలింది యాడుండాది?"

ఇంతే అని చెప్పాను. ఇంకోసారి కవరు దులిపి చూసింది.

తీర్మానం. మా నాయన యల్లప్ప కాలువ కొస పొలాలకు నీరుగంటి. రోజుకు రెండుసార్లు తూము దాకా నడిచి, నీళ్ళు వచ్చాయో లేదో చూసి, రైతులకు చెప్పి, పొలాల్లోకి నీళ్ళు వదిలే మడవలు తిప్పుతాడు. పోను రెండు కిలోమీటర్లు, రాను రెండు. కుడి మోకాలు వాచింది. నెల రోజులు నడక తగ్గించకపోతే ఆపరేషన్ తప్పదని కంప్లి టౌను డాక్టరు చెప్పాడు. కాబట్టి దసరా లోపల నాయన నడక బంద్. కాలువను కంప్యూటరు చూస్తుంది, కంప్యూటరును నాయన మంచం మీది నుంచి చూస్తాడు.

కాలువ గట్టు నల్లరేగడి, బండి జారుతుంది. నాకేమో పొద్దున్నే షాపు. అందుకే టెక్నాలజీ.

సెప్టెంబర్ 9, మంగళవారం

సాయంత్రం 6.30. టీవీకి తగిలించాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జరజరా పైకి పోయాయి. నాయన మంచం మీద వెనక్కి జరిగాడు.

"ఏంరా సిద్ధా, తిడతాండాదా?"

"లేదు నాయనా, మేలుకుంటాండాది."

7.00. పాస్‌వర్డు కొడితే తెర మీద ఏమీ పడలేదు. కీబోర్డు పాడైందని షాపు నుంచి ఇంకోటి తెచ్చాను. అదీ పాడే. మూడోది తెచ్చాక తెలిసింది, లినక్స్‌లో పాస్‌వర్డు కొడితే చుక్కలు కూడా కనపడవట. మూడు కీబోర్డులూ నిక్షేపంగా ఉన్నాయి.

ఆశ సీరియల్ పోయింది. నాయన మామూలుగా కాలువకు వెళ్ళొచ్చాడు. ఇంకొన్నాళ్ళేగా.

సెప్టెంబర్ 14, ఆదివారం

సామాను: ఖాళీ ఊరగాయ డబ్బా, అయస్కాంతం, తీగ, పాత బ్యాటరీ, సిమ్ము వేసిన డాంగిల్. నీళ్ళొస్తే డబ్బా తేలుతుంది. తేలితే సిమ్ము ఇంటికి కబురు పంపుతుంది. టీవీలో "నీళ్ళు ఉన్నాయి" అని పచ్చ అక్షరాలు వస్తాయి. ఇంత సులువైన దాన్ని ఇన్నేళ్ళు ఎవరూ ఎందుకు చేయలేదో.

ఉదయం 7.00. తూము దగ్గర కట్టి రమ్మని నాయనను పంపాను. ఇంట్లో తెర చూడడానికి నేను ఉండాలి కదా.

7.40. ఫోను. "యాడ కట్టల్ల?" ఎడమ పక్క రాయికి కట్టమన్నాను.

8.15. "డబ్బా పైకెత్తు నాయనా." "ఎత్తినా." టీవీలో పచ్చ అక్షరాలు! నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆశను పిలిచి చూపించాను. "డబ్బా ఎత్తింది మామ కదా" అంది. వివరించే ఓపిక లేదు.

9.30. నాయన వచ్చాడు. టేపు చుట్టడం మరిచాడట. మళ్ళీ పంపాను.

12.00. బ్యాటరీ తీగలు తిరగేసి కట్టాడట. మళ్ళీ పంపాను.

ఈ రోజు మొత్తం పన్నెండు కిలోమీటర్లు. పర్వాలేదు, రేపటి నుంచి సున్నా.

సెప్టెంబర్ 17, బుధవారం

ఉదయం 6.10. తెర మీద "నీళ్ళు ఉన్నాయి". నాయన పార భుజాన వేసుకుని వెళ్ళాడు. చుక్క నీళ్ళు లేవు. ఎవరిదో గేదె డబ్బాను గట్టు మీదికి లాగి పోయిందట.

మధ్యాహ్నం 3.00. తెర మీద "నీళ్ళు లేవు". అప్పుడే కాలువ నుంచి వచ్చిన నాయన నిండుగా పోతున్నాయన్నాడు. మడవ సంగతి కనుక్కుందామని వచ్చిన రైతు కెంచప్ప టీవీని చూశాడు, నాయనను చూశాడు.

"కంప్యూటరు లేవంటాండాది కదప్పా."

"నా కండ్లతో చూసినా కెంచప్పా."

"చూసింటావులే. వయసైంది కదా. ఇంగొక తూరి చూసి రాపో."

నాయన పోయి ఇంకోసారి చూసి వచ్చాడు. నీళ్ళు ఉన్నాయి. ఈలోపల నేను కంప్యూటరును ఆపి మళ్ళీ వేశాను. అది కూడా "ఉన్నాయి" అంది. కెంచప్ప టీవీకి దండం పెట్టి పొలానికి వెళ్ళాడు.

సెప్టెంబర్ 20, శనివారం

డాంగిల్ తడిసి చచ్చింది. తాత్కాలిక ఏర్పాటు: నాయన తూము దగ్గర నుంచి ఫోను చేస్తాడు. ఉంటే నేను ఒకటి కొడతాను, లేకపోతే సున్నా. మిగతాదంతా ఆటోమేటిక్.

సెప్టెంబర్ 24, బుధవారం

నాలుగు రోజుల్లో ఒక్క తప్పు లేదు. నూటికి నూరు పాళ్ళు కరెక్టు. లినక్స్ అంటే లినక్సే.

ఏడుగురు రైతులు మా వరండాలో కూర్చుంటున్నారు. రోజుకు రెండుసార్లు చెబితే చాలదట, కంప్యూటరు ఉండి కూడా ఇంత ఆలస్యం ఏందని అడుగుతున్నారు. కొత్త టైంటేబుల్: 5.30, 8.00, 11.00, 2.00, 5.00.

నాయన అయిదుసార్లు వెళ్తున్నాడు. ఉండు నాయనా అన్నా ఉండడు. "అది కాచుకోని ఉంటాదిరా" అంటాడు. దారిలో ఆయన్ను ఆపి టీ తాగిస్తున్నారు. ఇంతకాలం నీరుగంటి పని చేసినా ఎవరూ ఆయనకు టీ ఇచ్చింది లేదు.

ఆశ నాయన మోకాలికి పొయ్యి మీద ఆవనూనె కాస్తూ నా మొహం కూడా చూడకుండా మాట్లాడింది. "నడక తగ్గిస్తానని తెచ్చి మామతో దినానికి ఇరవై కిలోమీటర్లు నడిపిస్తాండావు. ఆపరేషను కూడా ఆ అట్టముక్కతోనే చేపిస్తావా?"

మధ్యలో ఆపితే డేటా పాడవుతుంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

నాయన కుంటుతున్నాడు. వాతావరణం అనుకుంటా.

కొత్త డాంగిల్ కొనాలి. షాపులో దసరా బ్యానర్ల పని ఎక్కువగా ఉంది. దసరా అయ్యాక కొంటాను.

అక్టోబర్ 1, బుధవారం. ఆయుధ పూజ

ఉదయం 9.00. జెరాక్సు మెషిను, స్కూటరు, నాయన పార, అన్నిటినీ తుడిచి వరసగా పెట్టాం. మధ్యలో పీట మీద కంప్యూటరు. ఆపేసి పూజ చేద్దామంటే రైతులు ఒప్పుకోలేదు. ఎనిమిది గంటల కబురు అప్పటికే ఆలస్యమైందట.

9.40. నాయన విభూది నీళ్ళలో కలిపి పార మీద మూడు గీతలు పెట్టాడు. స్కూటరుకు పెట్టాడు. జెరాక్సుకు పెట్టాడు. కంప్యూటరుకు మాత్రం నేనే పెట్టాను, నా చేతులతో, నిండుగా. పెద్ద చిప్పు మీద కుంకుమ బొట్టు. కెంచప్ప టెంకాయ కొట్టి ఆ నీళ్ళు అన్నిటి మీదా చల్లాడు.

స్కూటరుకు రేకు ఉంది. జెరాక్సుకు మూత ఉంది. దీనికి ఏదీ లేదని ఆ క్షణంలో నాకు తోచలేదు.

9.42. టప్ మంది. సన్నగా పొగ.

"సాంబ్రాణి లెక్క ఉండాది. శకునం బాగుండాదప్పా" అన్నాడు కెంచప్ప. అందరూ మొక్కారు. నేనూ మొక్కాను, ఏం చేయను.

అక్టోబర్ 2, గురువారం

బియ్యం డబ్బాలో పెట్టాను. ఎండలో పెట్టాను. ఆశ హెయిర్ డ్రయ్యర్ పట్టాను. చచ్చింది.

నాయన పొద్దున మంచం దిగలేకపోయాడు. మోకాలు ఉబ్బి కాలు మడవడానికి కూడా రావడం లేదు. డాక్టరు ఇంటికే వచ్చి నా మీద కేకలేశాడు. పది రోజులు కాలు కింద పెట్టకూడదట. పెడితే ఆపరేషనే, ఇంక మాట్లాడేది లేదు అన్నాడు. నాయన తల దించుకున్నాడు, తప్పు తనదే అయినట్టు. నాకు సిగ్గేసింది. ఈ డైరీలో ఇప్పటి దాకా రాసిన కిలోమీటర్లన్నీ కూడి చూసి పెన్ను పక్కన పెట్టేశాను.

అక్టోబర్ 3, శుక్రవారం

ఉదయం 5.30. నేనే బయలుదేరాను. నాయన చెప్పులు వేసుకుని.

6.05. తూము. నీళ్ళు వచ్చాయి. గట్టుకు జానెడు కింద దాకా ఉన్నాయి. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఈ నాలుగు వారాల్లో నేను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి.

6.50. ఇంటికి వచ్చి చెప్పాను.

"నీళ్ళు వచ్చినాయి నాయనా. నేనే చూసొచ్చినా."

నాయన నా బురద కాళ్ళను చూశాడు. మొహాన్ని చూశాడు.

"నువ్వు చూసినావా. సరేలే. దాన్ని గూడా ఒక మాట అడుగు."

పన్నెండు రోజులుగా దానికి కళ్ళు తనవేనని నాయన మరిచిపోయాడు. అది చచ్చిందని చెప్పడానికి నోరు తెరిచాను. ఆశ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. టీవీ ముందు కూర్చున్నాను. తెర నల్లగా ఉంది. ఊరికే కీబోర్డు మీద ఒకటి కొట్టాను.

"వచ్చినాయంటాండాది నాయనా."

"అదీ మాట" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చాలా రోజుల తర్వాత హాయిగా పడుకున్నాడు.

10.15. కొత్త బోర్డుకు ఆర్డరు పెట్టాను. ఈసారి మూత ఉన్నది. దీపావళి లోపల అంతా సొంతంగా నడిచేలా చేస్తాను, ఇది ఖాయం. అది వచ్చే దాకా రోజూ పొద్దున అయిదున్నరకు నేనే తూముకు పోతాను.

లేదంటే ఆరుకు.