షో చెట్టు కాపు

మంచిర్యాల

ఫిలిప్,

ఒంట్లో బాగుందా? మస్కట్ తిరిగి వస్తున్న సదానందం అన్న చేతికిచ్చిన తొక్కు డబ్బా కింద ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోన్ చేస్తే అత్తమ్మ పక్కనే కూర్చుంటుంది, నాకు తిన్నావా అనడం దాటి మాట రాదు.

పాపను మట్టి చేసి వచ్చిన వారానికే నువ్వు నర్సరీ నుంచి స్ట్రాబెరీ చెట్టని ఆ మొక్క తెచ్చి నాటావు. "గిది కాయ కాసినంకనే మళ్ల బిడ్డ ముచ్చట. అప్పటిదాక మహిమను ఎవ్వరేమనొద్దు" అని అత్తమ్మ ముందే అన్నావు. ఆ రోజు నీ మీద ఎంత ప్రేమ కలిగిందో! ఏళ్లు పడుతుందిలే అనుకున్నాను.

అది ఏడాదికే పూసింది. ఎండాకాలంలోనూ ఆకు రాల్చదు, తెల్లటి పూలు, వెనకే గోళీలంత ఎర్రటి పండ్లు. మొదటి కాయ కనబడగానే తెంపి కొంగులో దాచాను. అప్పటినుంచి వాకిలి ఊడుస్తూ పూలన్నీ తెంపేస్తున్నాను. నువ్వడిగితే ఆకులే ఉన్నాయంటున్నాను. నాకు భయం ఫిలిప్. ఆ ఆస్పత్రి బల్ల, పాప ఏడవకపోవడం, మళ్లీ పడలేను. నాకు బిడ్డ వద్దు. ఆడదాన్నయి ఉండి ఈ మాట ఎవరితో అనను?

పుట్టింట్లో మా అవ్వకు బాగాలేక మెట్‌పల్లిలో చాలా రోజులు ఉండిపోయాను కదా, ఇక్కడ చెట్టు విరగకాసింది. నేను తిరిగొచ్చిన ఆదివారమే, తొలి కాపు దేవునిదని అత్తమ్మ పళ్లెం నిండా కోసి కోత పండుగకు చర్చికి తెచ్చింది. వడ్ల బస్తాలు, కోళ్లు, గుమ్మడికాయల మధ్య ఆ పళ్లెం కూడా వేలానికి పెట్టారు. ఏం పండ్లని పాస్టరమ్మ అడిగితే "నా కొడుకు నాటిండు, నా కోడలు పెంచింది. ఇగ మా ఇంట్ల ఉయ్యాల కడ్తం" అంది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేను తల ఎత్తలేదు.

ఎవరో చెప్పకముందే నా నోటితోనే చెప్పాలని రాశాను. కోపం వస్తే తిట్టు.

నీ మహిమ

మస్కట్

మహిమా,

నీ ఉత్తరం చదివి కళ్లు తుడుచుకుంటుంటే సదానందం అన్న "తొక్కు గంత కారమున్నదా?" అన్నాడు. అవునన్నాను.

తిట్టడానికి నాకు ముఖం లేదు. ఆ రోజు నర్సరీలో నేను అడిగిందే కాయ కాయని చెట్టు. "గిది తీస్కపో, పేరుకే స్ట్రాబెరీ, ఉత్త షో చెట్టు. మన ఎండలకు కాయ పట్టది" అన్నాడు నర్సరీ అతను. కాయదనే తెచ్చాను, కాయదనే నన్ను కన్న అవ్వకు ఆ మాట ఇచ్చాను. ఆస్పత్రిలో నువ్వు లోపల ఉన్నప్పుడు నర్సు బయటికొచ్చి ఇద్దరి మీదా ఆశ పెట్టుకోవద్దంది. ఆ సంగతి నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. అవ్వకు ఎదురు చెప్పే ధైర్యం లేక చెట్టును అడ్డం పెట్టాను. నువ్వు దాని దగ్గరే రోజూ భయపడుతున్నావని నాకేం తెలుసు?

పూలు తెంపకు. అవి పూయనీ, కాయనీ, పిట్టలు తిననీ. క్రిస్మస్‌కు వస్తున్నాను. అవ్వతో నేనే మాట్లాడతాను, చెట్టు పేరు చెప్పి కాదు, నా నోటితోనే.

బిడ్డ లేకున్నా నేను బతుకుతాను మహిమా. నువ్వు లేకుంటే బతకలేను.

నీ ఫిలిప్