తాళం వేసిన షెడ్డు ముందు

ఏమండీ,

మీరు పోయి నేటికి సరిగ్గా ఏడాది. మీరు కట్టించిన ప్రార్థన షెడ్డుకు ఊరివాళ్లు తాళం వేసి ఐదు వారాలైంది. వానల కోసం చేసిన జాతరకు మన విశ్వాసులు పోలేదని, అందుకే వేరుశనగ ఎండిపోయిందని వాళ్ల కోపం. మన చేలూ ఎండిపోయాయి. ఆ మాట ఎవరూ వినరు.

ఈ ఆదివారం షెడ్డు బయట ఎండలో నలుగురమే కూర్చున్నాం. మోకరిస్తే నాకు మాట రావడం లేదు. ఇక కూడిక మానేద్దామని చెప్పడానికే వెళ్లాను.

బడి అలవాటుగా ముందు హాజరు పిలిచాను. మీ పేరు నేనింకా కొట్టెయ్యలేదు, అదే మొదట పిలిచేశాను. గొర్రెలు కాసే ఓబుళమ్మ ఊరుకోలేదు.

“ఆయప్ప ఈడ యాడుండాడు? పైన సల్లగా నీడలో కూర్చున్నాడు. ఎండలో మాడేది మనం! నువ్వు మిగతా పేర్లు చదువు టీచరమ్మా,” అనింది.

ధైర్యం వచ్చిందని మీకు అబద్ధం రాయను. అనుకున్న మాట మాత్రం చెప్పలేకపోయాను. ఊరికి భయపడి రానివాళ్ల పేర్లు కూడా వీధికి వినబడేలా వరసగా పిలిచాను.

తొమ్మిదో పేరుకు, ఎదురింటి మూసిన తలుపు వెనక నుంచి, “ఉండానమ్మా” అని జవాబొచ్చింది.