దీపావళి దాకా పందెం

అక్టోబర్ 3
దసరా పండగ మరుసటి రోజు. కాటా ఎక్కితే... వద్దులే, రాయను. ఓళిగలు నాలుగు తిన్నానా, ఐదా. నెయ్యికైతే లెక్కే లేదు. మా ఆయన రఘు ఎక్కినాడు – నాకంటే ఘోరం. అప్పటికప్పుడే పందెం. దీపావళి దాకా స్వీటు ముట్టకూడదు, రాత్రిపూట అన్నం బంద్, ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లు గెలిచినట్టు. ఓడినోళ్లు ఏడాదంతా పొద్దున్నే లేచి కాఫీ పెట్టాల. పెళ్లయి పద్నాలుగేళ్లు, ఒక్కరోజు కాఫీ పెట్టిన పాపాన పోలేదు ఈ మనిషి. గెలిచి తీరాల.

అక్టోబర్ 6
కొర్రన్నం, ఆకుకూర పప్పు, మజ్జిగ. రాత్రికి చిన్న రాగి సంగటి ముద్ద. ఆకలి... ఆకలి.

అక్టోబర్ 8
నేను ముప్పావు కిలో తగ్గినా. ఆయన రెండు కిలోలు! ఐదు రోజుల్లో! ఇద్దరం తినేది ఒకే కుక్కర్లోది. పైగా సంగటి రెండోసారి పెట్టించుకుంటాండాడు. కాటా గోడకానించి పెట్టినాడేమోనని వంగి చూసినా. "ఏం పద్దూ, పోలీసు తనిఖీనా?" అని నవ్వు. ఆ నవ్వు నాకు నచ్చలా.

అక్టోబర్ 10
ప్రొద్దుటూరు నుంచి మా అత్త కజ్జికాయలు పంపింది, డబ్బా నిండా. ఫోన్లో – "నా కొడుకు చిక్కిపోయినాడంట, ఏం పెడతాండావమ్మా..." ఓహో, అప్పుడే చెప్పేసినాడన్నమాట. డబ్బా లెక్కపెట్టి అటక మీద పెట్టినా. నలభై రెండు. మూతకు దారం కట్టి మరీ.

అక్టోబర్ 13
ఆఫీసులో దీపావళి బాక్సులు మొదలు. రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసు లిఫ్టు ఎక్కితే చాలు, నేతి వాసన. పాంట్రీలో కాజు బర్ఫీ... రెండు. రఘుకు తెలియకూడదు.

ఇంట్లో ఆయన వరస ఏందో అర్థం కావట్లా. రెండు లీటర్ల నీళ్ల బాటిలు ఒక సినిమా అయ్యేలోపు ఖాళీ. నీళ్లతో కడుపు నింపుకోమని ఏ వీడియోలోనో చెప్పుంటారు. నాకు చెప్పొచ్చు కదా! దొంగ. ఆ తర్వాత గంటకోసారి బాత్రూం.

అక్టోబర్ 14
దొరికినాడు! బాత్రూంలో చీమలు. కమోడు పక్కనే, బారులు బారులు. తీపి లేనిదే చీమలొస్తాయా? లోపల కూచొని తింటాండాడు! ఛీ ఛీ, ఎంత కక్కుర్తి.

డబ్బా దించి లెక్కపెట్టినా – నలభై రెండు. దారం కట్టింది కట్టినట్టే ఉంది. అంటే బయట కొంటాండాడు. కారు డిక్కీ, సీట్ల కింద, లాప్‌టాప్ బ్యాగు... ఒక్క తునక లేదు. బాగా ముదిరినాడు.

మరి తీపి తింటా బరువెట్ల తగ్గుతాడబ్బా? సన్నబడేదానికి ఏవో ఇంజక్షన్లు వచ్చినాయని మా టీంలో స్వాతి చెప్పింది. అవేమన్నా...

అక్టోబర్ 15
తలుపు కొట్టినా. "లోపల ఏం తింటాండావ్?" పగలబడి నవ్వినాడు. "బాత్రూంలోనా? నీకేమన్నా పిచ్చా!" బయటికొచ్చి జేబులు తిరగేసి చూపించినాడు. బెల్టుకు కొత్త చిల్లు, మేకుతో పొడిచినట్టుంది. నీరసంగా ఉందంటా ఎనిమిదికే పడుకున్నాడు.

అంతా నాటకం.

అక్టోబర్ 16
పనికొచ్చే యాదమ్మ మీద అరిచినా. సరిగ్గా కడిగితే చీమలెందుకొస్తాయని. బోరబండ నుంచి రెండు ఆటోలు మారి వస్తాది పాపం. ఆమెకు కోపం రాలా. చీపురు పక్కన పెట్టింది.

"మేడం, ఏమనుకోకుండ్రి. మా ఆయనకు గిట్లనే అయింది. మస్తు తింటుండె, ఎండుతుండె. బాత్రూంల చీమలొస్తే మేం నవ్వుకున్నం. ఇగ షుగర్ ముదిరి దవాఖానల కాలి వేలు తీసేసిన్రు. జర సారుకు చూపియ్యుండ్రి..."

నీళ్లు. బాత్రూం. బెల్టు. నీరసం. అన్నీ నా కళ్ల ముందే. చీమలు తీపికే వచ్చినాయి, ఆ తీపి ఆయన ఒంట్లోదేమో. నేనేమో కజ్జికాయలు లెక్కపెట్టుకుంటా కూచున్నా.

భయమేస్తాంది.

అక్టోబర్ 17
"ఒకసారి రక్తం చూపించుకుందామా?" – "పండగ కానీలే." ఎందుకు వద్దని నేను గుచ్చి గుచ్చి అడిగితే – "ఓడిపోతాండావని ఏదో ఎత్తు వేస్తాండావ్." ఇప్పుడు అనుమానం ఆయనకు.

అక్టోబర్ 18
ఎత్తే వేసినా. మన కాటా మీద నాకు నమ్మకం లేదు, ల్యాబులో కాటా ఉంది, పరగడుపున అక్కడ తూగు, గెలిస్తే దీపావళి దాకా ఆగకుండా ఇప్పుడే ఒప్పుకుంటా అన్నా. ఎగిరి గంతేసినాడు.

ఆ కాటా కూడా మన కాటా మాటే చెప్పింది. ఐదున్నర కిలోలు తక్కువ. మన కాటా అబద్ధం చెప్పుంటే ఎంత బాగుండు. "చూసినావా!" అని చేతులు పైకెత్తినాడు, ల్యాబు పిల్ల కూడా నవ్వింది. ఎట్లాగూ వచ్చినాం, రక్తం కూడా ఇచ్చెయ్ అన్నా. గెలిచిన ఊపులో చెయ్యి చాపినాడు. ఆ చెయ్యి ఎప్పుడింత సన్నమైంది... వాచీ వదులై మణికట్టు చుట్టూ తిరుగుతాంది.

రిపోర్టు సాయంత్రమంట.

ఇంటికొచ్చి కాఫీ పెట్టినా. ఓడిపోయినా కదా. చక్కెర వెయ్యలా. ఒక గుక్క తాగి మొహం చిట్లించినాడు. "ఓడిపోయినందుకు ఇంత కక్షనా పద్దూ?"

అవునన్నా.

అట్లే అనుకోనీ... సాయంత్రం దాకా.