కమ్లి కట్టిన పెళ్లిచీర

తల్లాడ,
20-2-2005.

శ్రీవారికి మీ జ్యోత్స్న నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను, అత్తమ్మ, చిన్నది క్షేమంగానే ఉన్నాం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తున్నాను. ఇదివరకు ఈ మాట అలవాటుకొద్దీ రాసేసేదాన్ని, ఇప్పుడు రాసి కాసేపు ఆగాను. మీ ఉత్తరం వారం కిందటే అందింది. జవాబు ఆలస్యమైందని కోప్పడకండి. పొద్దున అంగన్‌వాడీ సెంటరు, మధ్యాహ్నం రిజిస్టర్లు, సాయంత్రం మిరపకాయల కల్లంలో అత్తమ్మకు సాయం. కలం పట్టుకుంటే వేళ్లు మండుతున్నాయి.

మీరు అడిగినవాటికి వరసగా చెబుతాను. అత్తమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. ఖమ్మం దవాఖానాకు పోదాం రమ్మంటే "కాయ ఏరుడు అయినంక పోదాం తియ్" అంటుంది. ఏరుడు అయ్యాక ఇంకో పని పుట్టుకొస్తుందని నాకు తెలుసు. చిన్నదానికి పైన రెండు పళ్లు వచ్చాయి. మీ ఫోటో ఇస్తే కొరుకుతోంది. రేకులు కారుతున్నచోట తారు పూయించాను. దోమతెర కూడా కొన్నాను, మీ క్యాంపుకు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చి పంపుతాను.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. నా నేస్తం కమ్లి పెళ్లి ఎట్లా జరిగింది, మన పెళ్లిచీరలో ఎట్లా ఉంది అని ఒకటి. ఆ రోజు ఫోన్‌లో బాగానే ఉన్నానని మీరు చెప్పినా నేను అంతసేపు ఎందుకు ఏడ్చానని రెండోది. రెండింటికీ జవాబు ఒకటే. అందుకే ఇంతసేపూ దాటవేశాను.

చీర ఇవ్వడం దాకా మీకు తెలుసు. మొదటి మొగుడు లాలు కామెర్లతో పోయిన నాలుగేళ్లకు, ఆటో నడిపే బిచ్యా కమ్లిని చేసుకుంటానని ముందుకొచ్చాడు. రెండో పెళ్లికి పట్టుచీర ఎందుకని పుట్టింటివాళ్లు నూలుచీరతో సరిపెట్టారు. నాకు మనసొప్పక పెట్టె తెరిచి మన ఎర్రచీర ఇచ్చాను. తండాలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. "మొగుడు పోయినదానికి పెళ్లిచీర ఇస్తదా! ఈమె మొగుడేమో పోలీసోడు, గా అడవిల ఉంటడు" అని. అత్తమ్మ మాత్రం "గుడ్డకేం తెలుస్తది, కట్టినోళ్లు ఎవరో?" అంది. నేనైతే వాళ్లకు ఉపన్యాసమే ఇచ్చాను. గ్రహణానికి భయపడొద్దని గర్భిణులకు చెప్పే టీచరమ్మను కదా.

పెళ్లి పొద్దున్నే అయిపోయింది. చీర కమ్లికి నాకన్నా బాగా నప్పింది. చిన్నదాన్ని చూసి వద్దామని నేను ఇంటికి వచ్చాను. టీవీ నడుస్తోంది. కింద అక్షరాలు పోతున్నాయి: చర్ల దారిలో మందుపాతర, పోలీసు జీపు, పేర్లు తెలియలేదు. మీ చర్ల క్యాంపుకు మూడుసార్లు ఫోన్ చేశాను. కలవలేదు. ఆ తర్వాత నేను చేసింది రాయడానికి రెండు రోజులుగా కాగితాలు చింపుతున్నాను.

బిచ్యా ఇంటికి పరుగెత్తాను. పందిట్లో భోజనాల బంతి సాగుతోంది. కొత్త కోడలి చేత చుట్టాలకు పప్పు వడ్డింపజేస్తున్నారు. అందరి ముందూ అన్నాను:

"నా చీర విప్పియ్యి. ఇప్పుడే ఇయ్యి."

"ఏమైందే?" అంది కమ్లి.

"జీపు పేలింది. ఆయన ఉన్నడో లేడో. నువ్వు కట్టినందుకే గిట్లయింది."

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందండీ. బంతిలో ఎవరూ ముద్ద ఎత్తలేదు. కమ్లి గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది. కాసేపట్లో ఆ నూలుచీర కట్టుకుని వచ్చి, మడతపెట్టిన పట్టుచీర నా చేతిలో పెట్టింది. "పా, ఠాణాకు పోదాం. ఆడ జల్దీ తెలుస్తది" అని బిచ్యాను ఆటో తీయమంది.

సాయంత్రం ఐదింటిదాకా ఠాణా అరుగు మీద నా పక్కనే కూర్చుంది. పెళ్లినాడు, కాళ్ల పసుపైనా పోకముందే. ఠాణావాళ్లు కబురు పంపితే ఐదింటికి అక్కడికి మీ ఫోన్ వచ్చింది. జ్వరంతో క్యాంపులోనే ఉండిపోయానని, ఆ జీపు ఎక్కలేదని మీరు చెబుతుంటే నేను కమ్లి ముఖం చూస్తున్నాను. నాకన్నా ముందు ఆమె కళ్లు తుడుచుకుంది. అప్పుడు మొదలైంది నా ఏడుపు. సంతోషపడదామన్నా సిగ్గు అడ్డం వచ్చింది.

సంగతి తెలిసి అత్తమ్మ "నాకు సదువు రాలె, నీకు బుద్ధి రాలె" అంది. బుగ్గలు నొక్కుకున్నవాళ్లంతా ఇప్పుడు నాతో ఎంతో మంచిగా ఉంటున్నారు. దాన్ని భరించడం ఇంకా కష్టంగా ఉంది. కమ్లి అత్త, పొద్దున బిచ్యా ఆటో తీసే వేళకు కోడల్ని ఎదురు రావద్దని లోపల కూర్చోబెడుతోందట. ఆ భయం ఆ ఇంట్లో పెట్టింది నేనే.

నిన్న చీర పట్టుకుని పోయాను. తప్పు నాదని, కమ్లి వల్ల ఎవరికీ ఏమీ కాదని, ఆ అత్తకు వినపడేటట్టు గట్టిగానే చెప్పాను. చీర ఉంచుకోమన్నాను. కమ్లి దాన్ని ముట్టుకోలేదు. మిరపకాయల తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది:

"నా పెళ్లిచీర నేనెవ్వరికీ ఇయ్యలే జ్యోత్స్నా. పెట్టెల నుంచి బయటికి గూడ తియ్యలే. అయినా లాలు పోయిండు."

చీర తీసుకుని తిరిగి వచ్చాను.

మీకు ఎప్పుడు సెలవు దొరికినా ఒక్క పని చేయాలి. తిరిగి చర్లకు బయలుదేరే పొద్దున కమ్లిని మీకు ఎదురు రమ్మంటాను. ఆమె అత్తను కూడా పిలుస్తాను, తండా అంతా చూస్తుంది. ఈ మాట రాస్తుంటేనే నాకు భయమేస్తోందండీ, అబద్ధం చెప్పను. అయినా కమ్లినే రమ్మంటాను. మీరు కాదనకండి.

ఇట్లు,
మీ ఇంటిది,
జ్యోత్స్న.